లూసీ ఎక్కడి లోకల్

ఫోన్ శనివారం పొద్దున వచ్చింది. శని, ఆదివారాల్లో దూరపు కాల్స్‌కు రేటు తక్కువ కాబట్టి వర్జీనియాలోని హెర్న్‌డన్ నుంచి దైవాశీర్వాదం ఎప్పుడూ ఆ రెండు రోజుల్లోనే చేసేవాడు. కరుణమ్మ ఆస్పత్రి డ్యూటీ దిగి అప్పుడే ఇంట్లో అడుగుపెట్టింది. బూట్లు ఇంకా కాళ్లకే ఉన్నాయి. హాల్లో ఫోన్ ఎత్తిన కృపావరం అవతల తమ్ముడి గొంతు విని, పెన్సిల్ తెమ్మని భార్యకు సైగ చేశాడు.

కూతురు లూసీకి సీటు వచ్చింది. వర్జీనియా ప్రభుత్వ యూనివర్సిటీలో, మెడిసిన్‌కు ముందు డిగ్రీ అయిన ప్రీమెడ్‌కి. కృపావరం రిసీవర్ పట్టుకునే కళ్లు మూసుకుని స్తోత్రం అన్నాడు. కరుణమ్మ కుర్చీలో కూర్చుని బూట్ల లేసులు విప్పసాగింది. ఒక బూటు విప్పేసరికి భర్త మొహం మారింది. తమ్ముడు ఉత్తరంలో రెండో పేజీ చదువుతున్నాడు.

"మళ్లీ చదువు," అన్నాడు కృపావరం. విన్నాడు. "అది కాదురా, పైన ఏం రాశారో చూడు. లూసీ పేరేనా?"

పేరు లూసీదే. ఫీజు మాత్రం అవుట్ ఆఫ్ స్టేట్ వాళ్లది. ఆ యూనివర్సిటీలో వర్జీనియా పిల్లలకు ఒక రేటు, బయటి రాష్ట్రాల పిల్లలకు రెండున్నర రెట్లు. లూసీని బయటి పిల్లల వరసలో వేశారు.

కృపావరం ఫోన్ పెట్టేసి, రాసుకున్న అంకె కింద గీత గీశాడు. ఎవరో గుమాస్తా చేసిన పొరపాటన్నాడు. సోమవారం తనే ఫోన్ చేసి సరిచేయిస్తానన్నాడు. హైస్కూలు నాలుగేళ్లూ హెర్న్‌డన్‌లోనే చదివిన పిల్ల బయటి పిల్ల ఎట్లా అవుతుందని అడిగాడు. ఆయన అడిగింది కరుణమ్మను కాదు.

రెండో బూటు విప్పి ఆమె వెళ్లి పడుకుంది. నిద్ర పట్టలేదు.

లూసీ హెర్న్‌డన్‌లో ఉండిపోవడానికి కారణం ఆ హైస్కూలు నాలుగేళ్లే. రెండేళ్ల కిందట, 1982 వేసవిలో, వర్జీనియాలో కృపావరం పనిచేస్తున్న కంపెనీ ఆయన సెక్షన్‌ను మూసేసింది. అరిజోనాలో, చాండ్లర్‌లో కొత్తగా పెట్టిన చిప్ ఫ్యాక్టరీలో యంత్రాలు చూసుకునే ఉద్యోగం దొరికింది. నర్సు ఉద్యోగం ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి కరుణమ్మకు ఇబ్బంది లేదు. లూసీ అప్పుడు పదో తరగతి ముగించింది. ముగ్గురూ వెళ్లడమే అనుకుని కరుణమ్మ అట్టపెట్టెలు సర్దడం మొదలుపెట్టింది. లూసీ పుస్తకాల పెట్టెకు టేపు వేస్తుంటే కృపావరం వచ్చి, దాన్ని తమ్ముడింటికి పంపుదాం, ఇంకా రెండేళ్లు పిల్ల అక్కడే ఉండి చదువుకుంటుందన్నాడు.

ఆ మాట ఆయనకు ఊరికే తోచింది కాదు. గుంటూరులో ఉన్న రోజుల్లో ఆయన అక్క కొడుకును ఇంటర్‌కి హైదరాబాద్ పంపారు. మంచి కాలేజీ అని పంపారు. రెండేళ్ల తర్వాత మెడిసిన్‌కి అక్కడ అప్లయి చేస్తే నాన్-లోకల్ అన్నారు. వరసగా నాలుగేళ్లు అక్కడ చదివితేనే లోకల్ అట. కుర్రాడికి సీటు చేజారింది. కృపావరం సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్లి ఆఫీసు వరండాలో స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ వినలేదు. మేనల్లుడు బీయస్సీలో చేరాడు. ఆ మరుసటి సంవత్సరమే కృపావరం లూసీని తీసుకుని అమెరికా వచ్చాడు. బట్టలతో పాటు ఆ నియమం కూడా తెచ్చుకున్నాడు: పిల్లను మధ్యలో కదిలించకూడదు. కదిలిస్తే ఎక్కడా లోకల్ కాకుండా పోతుంది.

ఆయన లెక్కలో ఇంకో సంగతి ఉంది. ప్రభుత్వ మెడికల్ కాలేజీలు సొంత రాష్ట్రం వాళ్లకే ఎక్కువ సీట్లిస్తాయి. వర్జీనియాలో మూడు మెడికల్ కాలేజీలున్నాయి, అరిజోనాలో ఒక్కటే. లూసీ వర్జీనియా లోకల్‌గా ఉంటే డిగ్రీకి ఫీజు తక్కువ, ఆ పైన మెడిసిన్‌కి మూడు తలుపులు. ఇదంతా ఆయన అట్టపెట్టె మీదే పెన్సిల్‌తో వేసి చూపించాడు. లెక్కలో తప్పు కరుణమ్మకు కనపడలేదు. రెండేళ్లు కళ్లు మూసుకో అన్నాడాయన. ఆమె కళ్లు మూసుకోవడం అది మొదటిసారి కాదు. నర్సు వీసా మీద ఆమె ఒక్కతే ముందు వచ్చినప్పుడు లూసీకి ఏడేళ్లు. తండ్రితో కలిసి విమానం దిగినప్పుడు తొమ్మిది.

సోమవారం కృపావరం ఫ్యాక్టరీకి ఆలస్యంగా వస్తానని చెప్పి యూనివర్సిటీకి ఫోన్ చేశాడు. కరుణమ్మ వంటింట్లో ఉన్న రెండో ఫోన్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఒక ఆడమనిషి. వయసులో పెద్దదిలా ఉంది. తొందర లేదు ఆమెకు.

కృపావరం పేరు చెప్పాడు, కూతురి పేరు చెప్పాడు, నాలుగేళ్ల స్కూలు రికార్డు పంపిస్తానన్నాడు. ఆమె అక్కర్లేదంది. పిల్ల ఎక్కడ చదివిందన్నది తాము చూడమంది. తల్లిదండ్రులు పన్ను ఎక్కడ కడతారు, కారు ఎక్కడ రిజిస్టర్ చేయించారు, డ్రైవింగ్ లైసెన్సు ఏ రాష్ట్రానిది, అవి చూస్తామంది. కృపావరం మళ్లీ మొదటికొచ్చి నాలుగేళ్ల సంగతి చెప్పాడు. ఈసారి గొంతు కొంచెం పెరిగింది.

"సర్, మీరు ఎక్కడ ఉంటున్నారు?" అని అడిగిందామె.

"అరిజోనాలో."

"అయితే మీ అమ్మాయి ఉండేదీ అక్కడే."

ఆమె ఇంకేమైనా సాయం కావాలా అని అడిగి, మంచిరోజు కోరి పెట్టేసింది. లైను కట్టయిన తర్వాత కూడా భార్యాభర్తలిద్దరూ రెండు గదుల్లో రిసీవర్లు పట్టుకునే ఉన్నారు. కరుణమ్మ ముందు పెట్టింది.

ఈ దేశపు చట్టం లెక్కన లూసీ ఈ రెండేళ్లూ ఈ ఇంట్లోనే ఉంది. కరుణమ్మకు ఆ మాట బుర్రలోకి ఎక్కడానికి సమయం పట్టింది. వెనక గదిలో లూసీ కోసం కొన్న మంచం ఉంది. సెలవులకు వచ్చినప్పుడు తప్ప దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టేవాళ్లు.

కృపావరం టై కట్టుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఫ్యాక్టరీలో ఆయన టై కట్టుకునే పనేమీ లేదు, లోపలికి వెళ్లగానే తల నుంచి కాళ్ల దాకా తెల్ల కోటు వేసుకోవాలి. అయినా కట్టుకునేవాడు. ఏదో దారి ఉంటుందిలే అని చెప్పి వెళ్లిపోయాడు.

దారి చూపించింది డాక్టర్ అచ్యుతరావు. ఫీనిక్స్‌లో గుండె డాక్టరు, 1968లోనే అమెరికా వచ్చిన మనిషి. తెలుగువాళ్లలో ఎవరికి ఏ కాగితం పనిపడినా ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లు. ఆ వారం మధ్యలో ఇద్దరూ వెళ్లారు. ఆయన సంగతంతా విని నవ్వాడు.

"ఇక్కడ ఒక్కో స్టేటూ ఒక్కో దేశమేనయ్యా. వీసా అడగరు, అంతే తేడా," అన్నాడు. "నువ్వు మన జోనల్ సిస్టమ్ పట్టుకొచ్చి ఇక్కడ అతికించావు. ఎవర్నైనా ఒక్క ముక్క అడగాల్సింది."

ఆ తర్వాత ఉపాయం చెప్పాడు. హెర్న్‌డన్‌లో ఉన్న బాబాయిని లూసీకి లీగల్ గార్డియన్‌గా కోర్టులో రాయించాలి. లూసీకి నవంబరు దాకా పద్దెనిమిది నిండవు కాబట్టి కుదురుతుంది. అప్పుడు పిల్ల ఆయన ఇంటి పిల్ల అవుతుంది, ఆయన వర్జీనియాలో పన్ను కడతాడు, పిల్ల ఇన్-స్టేట్. తనకు తెలిసిన ఇద్దరు ముగ్గురు ఇలాగే చేశారని, పట్టి పట్టి ఎవరూ చూడరని చెప్పాడు. కరుణమ్మ అడిగిందొకటే, అందులో తను ఏం చేయాలని. సంతకం పెట్టాలమ్మా, తల్లీ తండ్రీ ఇద్దరూ పెట్టాలన్నాడాయన.

ఇంటికొస్తూ దారిలో కృపావరం హుషారుగా ఉన్నాడు. శనివారం నుంచి ఆయన మొహంలో లేని రంగు వచ్చింది. కరుణమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

తమ్ముడు వెంటనే సరే అన్నాడు. హెర్న్‌డన్‌లో లాయరు దొరికాడు. కాగితాలు పోస్టులో వచ్చాయి. నాలుగు పేజీలు. సంతకాలు పెట్టాల్సిన చోట లాయరు ఇంటూ గుర్తులు పెట్టాడు.

ఆ సాయంత్రం భోజనాలయ్యాక కృపావరం కాగితాలు బల్ల మీద పెట్టి, ప్రార్థన చేద్దాం అన్నాడు. ఆ ఇంట్లో ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు ప్రార్థన చేయడం అలవాటు. ఇల్లు కొన్నప్పుడు చేశారు, కారు కొన్నప్పుడు చేశారు. ఇద్దరూ తలలు వంచారు. ఈ మార్గాన్ని తెరిచినందుకు వందనాలన్నాడాయన. తమ్ముడి కుటుంబాన్ని దీవించమన్నాడు. లూసీ చేతులు ఎంతోమందిని స్వస్థపరచాలన్నాడు. చివరికి యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ అని ఆగాడు.

కరుణమ్మ ఆమెన్ అనలేదు.

ఆయన కళ్లు తెరిచి చూశాడు. పెళ్లయి ఇరవై ఏళ్లయింది. ఆయన ప్రార్థనకు ఆమె ఆమెన్ అనకపోవడం అదే మొదలు. ఏమైందని అడిగాడు. చదివి పెడతానని ఆమె కాగితాలు తీసుకుంది.

ఆస్పత్రిలో రోగి చార్టు చదివినట్టు చదివింది, ఒక్కో పంక్తి కింద వేలు పెట్టి. రెండో పేజీలో ఉంది ఆ వాక్యం. తల్లిదండ్రులు పై మైనరు సంరక్షణ చూడగల స్థితిలో లేరు గనుక, ఆమె పైన తమకున్న హక్కులను, బాధ్యతలను స్వచ్ఛందంగా వదులుకుంటున్నారు. కరుణమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. ఆ పేజీలో ఇంటూ గుర్తు లేదు, సంతకం చివరి పేజీలో పెట్టాలి. కాగితాలు మడిచి ఫ్రిజ్ మీద పెట్టింది.

మర్నాడు కృపావరం అడిగాడు. రేపు అంది. ఆ మర్నాడూ అడిగాడు. నోటరీ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లాలి కదా, షిఫ్టు కుదరలేదంది. కుదరని మాట నిజమే. ఆ నెలంతా ఆమె వారానికి ఒక షిఫ్టు ఎక్కువ చేస్తోంది. లూసీ ఖర్చులకని హెర్న్‌డన్‌కు నెలనెలా పంపే చెక్కు ఆ షిఫ్టులోంచే వచ్చేది.

శనివారం మళ్లీ ఫోన్ మోగింది. కృపావరం చర్చి సంఘం మీటింగ్‌కి వెళ్లాడు. ఫోన్‌లో దైవాశీర్వాదం కాదు, అతని భార్య వసంతకుమారి. ఆమె ఎప్పుడూ భర్త మాట్లాడాక రిసీవర్ తీసుకునేది తప్ప తనంతట తను చేసేది కాదు. బావగారు ఉన్నారా అని అడిగింది. లేరంటే, మంచిదే, నీతోనే మాట్లాడాలక్కా అంది.

మొదట వాతావరణం గురించి మాట్లాడింది. తర్వాత లూసీ దగ్గుకు మందు ఇప్పించానంది. ఆ తర్వాత ఆగిపోయింది.

"కాగితాలు వచ్చాయా?"

"వచ్చాయి."

"పెట్టావా?"

"ఇంకా లేదు."

అవతల ఊపిరి వినపడింది. "అక్కా, నేనొక మాటంటాను. ఏమీ అనుకోకు. బావగారు అడిగారు, ఈయన సరే అన్నారు. నన్ను ఎవరూ అడగలేదు. మొదటిసారీ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. మన మగవాళ్లు ఫోన్‌లో మాట్లాడుకుని పిల్లల్ని బదిలీ చేసేస్తారు, గవర్నమెంట్ టీచర్లను చేసినట్టు."

కరుణమ్మకు నవ్వొచ్చింది. నవ్వలేదు.

వసంతకుమారి మొదలుపెట్టాక ఆగలేదు. లూసీ మంచిపిల్ల, ఒక్క మాట అనాల్సిన పని పడలేదంది. కానీ ఈ రెండేళ్లూ తను నిద్రపోలేదంది. పిల్ల కారులో బయటికి వెళ్తే తిరిగొచ్చేదాకా కిటికీ దగ్గరే నిలబడేది. తన కూతురైతే తిట్టేది, కొట్టేది కూడా. పరాయి ఆడపిల్లను ఏమంటుంది? స్కూల్ డాన్స్‌కి పంపితే చర్చిలో కొందరి సణుగుడు, పంపకపోతే లూసీ మూతి ముడుపు. కరుణమ్మకు చెబితే బాధపడుతుందని ఏదీ చెప్పలేదు. ఇప్పుడు కోర్టులో రాసిచ్చి ఇంకో నాలుగేళ్లంటున్నారు.

"రేపు అది ఏదైనా యాక్సిడెంట్ చేస్తే కోర్టు నన్ను పిలుస్తుందక్కా, నిన్ను కాదు. నేనూ అలిసిపోయాను."

కరుణమ్మ గోడకు ఆనుకుంది. కోపం వచ్చింది ముందు. తన పిల్లను బరువంటున్న మనిషి మీద వచ్చింది. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. వసంతకుమారి గొంతులో ఉన్న నీరసం ఆమెకు తెలిసిందే. డ్యూటీ మారే వేళ ఆస్పత్రి కారిడార్‌లో ఎదురయ్యే నర్సులందరి గొంతుల్లో ఉండేదే.

"నేను సంతకం పెట్టను వసంతా," అంది.

"నా గురించా?"

"నా గురించే. నీ పేరు రాదులే."

వసంతకుమారి ఏడ్చింది. కాల్‌కి డబ్బులవుతున్నాయని కరుణమ్మే పెట్టేయించింది.

కృపావరం మీటింగ్ నుంచి వచ్చేసరికి కాగితాలు ఫ్రిజ్ మీంచి బల్ల మీదికి వచ్చాయి. సంతకం పెట్టిందేమో అనుకుని ఆయన చివరి పేజీ తిప్పాడు. ఖాళీగా ఉంది.

"నేను పెట్టనండి," అంది కరుణమ్మ.

కాగితమే కదా అన్నాడాయన. పిల్ల ఎక్కడికీ పోదు, పేరు మారదు, ఉత్తి కాగితం. ఆమె రెండో పేజీ తీసి ఆ వాక్యం చూపించింది. ఆయన చదివాడు. లాయర్లు అలాగే రాస్తారన్నాడు.

"నేను చూడగల స్థితిలో లేనని నాతో రాయిస్తున్నారు. నేను రోజూ చేసే పనే అదండీ. పరాయివాళ్లను చూసుకుంటున్నాను."

కృపావరం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెన్సిల్ తీశాడు, రాయడానికి ఏమీ లేక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"పెట్టకపోతే ఈ రెండేళ్లూ…" అని ఆగాడు.

"పోయాయి," అంది కరుణమ్మ. "పెట్టినా రావు."

ఆయన చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. అన్నం పెట్టమంటారా అని ఆమె అడిగితే, తర్వాత తింటానన్నాడు. చిన్నప్పటి నుంచి ఏ లెక్కా తప్పని మనిషి. పాలిటెక్నిక్‌లో పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. కరుణమ్మకు ఆయన మీద జాలి కలిగింది. దాంతోపాటు ఇంకేదో కూడా కలిగింది, దానికి పేరు వెతికే ఓపిక ఆమెకు లేదు.

ఈస్టర్ సెలవులకు లూసీ చాండ్లర్ వచ్చింది. మే ఒకటికల్లా యూనివర్సిటీకి జవాబు పంపాలి. అంతకుముందే కరుణమ్మ అరిజోనాలోని రెండు యూనివర్సిటీల దరఖాస్తులు తెప్పించి ఉంచింది. ఒకటి టెంపేలో, ఇంటి నుంచి పావుగంట. ఇంకోటి టూసాన్‌లో, రెండు గంటల దారి. మెడికల్ కాలేజీ ఉన్నది టూసాన్‌లోనే, కానీ డిగ్రీ ఎక్కడ చేసినా దానికి అప్లయి చేయొచ్చు. రెండింటిలోనూ లూసీ ఇన్-స్టేటే. కరుణమ్మ ఫోన్ చేసి కనుక్కుంది. పిల్ల రెండేళ్లుగా వేరే రాష్ట్రంలో ఉందని తనే చెప్పింది. మీరు ఇక్కడే ఉన్నారు కదా, చాలు అన్నారు వాళ్లు.

చాండ్లర్‌లో, పక్క ఊరు మేసాలో ఉన్న తెలుగు క్రైస్తవులు ఐదారు కుటుంబాలు. ఈస్టర్ ఆరాధన ఒకరి ఇంటి పెరట్లో చేసుకున్నారు. వచ్చినవాళ్లంతా లూసీని కాబోయే డాక్టరమ్మా అని పలకరించారు. లూసీ అందరికీ వందనాలు ఆంటీ, వందనాలు అంకుల్ అని చెప్పింది. ఎవరికీ ఏ యూనివర్సిటీయో చెప్పలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి కోడికూర, పలావు తిన్నాక ముగ్గురూ బల్ల దగ్గరే ఉండిపోయారు. కృపావరం ఉన్న సంగతి చెప్పాడు. వర్జీనియాకు వెళ్తే ఎంత, ఇక్కడైతే ఎంత. ముందు నాలుగేళ్లకు, తర్వాత మెడిసిన్ నాలుగేళ్లకు. వర్జీనియా కావాలంటే మీ మమ్మీ ఇంకో షిఫ్టు చేస్తానంటోందన్నాడు. ఆయన ఒక్క తప్పు అంకె కూడా చెప్పలేదు. లూసీ వింటూ స్పూనుతో పళ్లెంలో గీతలు గీసింది.

"డాడీ, నాకు ఒకటి అర్థం కాలా," అంది. "నేను హెర్న్‌డన్‌లో ఎందుకు ఉన్నా?"

ఎనిమిదేళ్ల కిందట వచ్చిన పిల్ల. తెలుగు మర్చిపోలేదు గానీ మాటల చివర్లు అరిగిపోయాయి.

"ఇన్-స్టేట్ కోసమే కదమ్మా."

"అది నాకు చెప్పలేదు. స్కూల్ డిస్టర్బ్ అవుతుందని చెప్పారు."

కృపావరం భార్య వైపు చూశాడు. ఆమె పళ్లాలు ఒకదాని మీద ఒకటి పెడుతోంది. అప్పుడాయన మేనల్లుడి కథ చెప్పాడు. ఇంటర్ రెండేళ్లు, నాన్-లోకల్, హైదరాబాద్ ఆఫీసు వరండా. చెబుతుంటే ఆయనకే ఆ కథ ఎక్కడో జరిగినట్టు అనిపించి మధ్యలో రెండుసార్లు ఆగాడు. లూసీ కడదాకా విన్నది.

"అది ఇండియా రూల్ డాడీ."

"అవును."

"ఇక్కడ ఎవరినీ అడగలేదా? ఒక్క ఫోన్ కాల్?"

"తెలిసిందే అనుకున్నాను," అన్నాడు కృపావరం. "తెలిసిన సంగతి ఎవరు అడుగుతారమ్మా?"

లూసీ అరవలేదు. ఏడుస్తుందేమోనని కరుణమ్మ చూసింది, ఏడవలేదు. కుర్చీలో వెనక్కి వాలి కాసేపు పైకప్పు చూసింది. పదిహేడేళ్ల పిల్ల కళ్ల కింద వాపు కరుణమ్మకు కనపడింది. పరీక్షలకు చదువుతోందట.

"నేను ఇక్కడికే వస్తా," అంది చివరికి. "ఇన్-స్టేట్. వర్జీనియా వద్దు. ఎయిట్ ఇయర్స్ అంత కట్టలేం. మమ్మీ ఆల్రెడీ చాలా టైర్డ్. పిన్ని కూడా."

పిన్ని సంగతి నీకెవరు చెప్పారని కరుణమ్మ అడగబోయి మానేసింది. ఆ ఇంట్లో ఉన్నది ఆ పిల్లే. ఒకరు చెప్పాలా?

కృపావరం తల ఊపాడు. ఆయన భుజాలు కిందికి దిగాయి. ఓడిపోయాడో, బరువు దిగిందో ఆయనకూ తెలిసినట్టు లేదు. దరఖాస్తులు ముందుకు జరిపాడు. లూసీ రెండూ తీసి చూసి, టూసాన్‌ది ముందు పెట్టుకుని, టెంపేది పక్కకు నెట్టింది.

కరుణమ్మ చేతిలోని పళ్లాలు బల్ల మీద దించింది.

వెనక గది ఆమె రెండు రోజుల కిందట సర్దింది. ఇస్త్రీ బట్టలు తీసేసింది. కిటికీ దగ్గర చదువుకునే బల్ల వేయిస్తే బాగుంటుందని టేపు పెట్టి కొలిచింది. టెంపే అయితే ఉదయం తను డ్యూటీకి వెళ్తూ దింపొచ్చు. కారు కూడా అక్కర్లేదు.

"టెంపే దగ్గర కదమ్మా," అంది. "ఇంట్లోనే ఉండి వెళ్లొచ్చు."

"తెలుసు మమ్మీ."

"మరి?"

లూసీ దరఖాస్తు మీద చెయ్యి పెట్టి, ఆ చేతినే చూస్తూ మాట్లాడింది. "నాకు సెవెన్ ఉన్నప్పుడు నువ్వు వెళ్లావు. ఫిఫ్టీన్ అప్పుడు మీరిద్దరూ వెళ్లారు. కోపం కాదు, నిజంగా కాదు. కానీ ఈసారి నేను వెళ్తా. నేను డేట్ చెప్పి, బ్యాగ్ సర్దుకుని, నేను వెళ్తా. ఓకే?"

పక్కింటి పెరట్లో పిల్లలు ఈస్టర్‌కు దాచిన రంగు గుడ్లు వెతుక్కుంటున్న అరుపులు వినపడ్డాయి.

కృపావరం గొంతు సవరించుకున్నాడు. టూసాన్‌లో ఉండాలంటే డార్మ్, అదే హాస్టల్ గది, కావాలి కదా అన్నాడు. డార్మ్‌కి అద్దె, భోజనానికి వేరే. ఇంట్లో ఉంటే ఆ రెండూ లేవు. ఫీజు రెండు చోట్లా ఒకటే కాబట్టి తేడా అంతా అక్కడే వస్తుందన్నాడు. జేబులోంచి పెన్సిల్ తీసి, లూసీ పక్కకు నెట్టిన దరఖాస్తును తిరగేసి దాని వెనక అడ్డంగా గీత గీశాడు. ఎడమవైపు టెంపే అని రాశాడు.

కరుణమ్మకు ఆ లెక్క తెలుసు. టూసాన్ సంగతి కనుక్కున్న రోజే మనసులో వేసుకుంది. గెలిచే లెక్కే అది. అంకెలు చెబితే లూసీ వింటుంది, ఇప్పుడే వర్జీనియాను అంకెలు విని వదులుకుంది. కాసేపు ఊరుకుంటే చాలు, ఆయన వేస్తాడు, పిల్ల ఒప్పుకుంటుంది, వెనక గదిలో దీపం వెలుగుతుంది. నాలుగేళ్లు.

ఆమె చెయ్యి చాచి పెన్సిల్ మీద పెట్టింది.

"ఆ లెక్క వద్దండి."

"చూద్దాం, తేడా ఎంతో…"

"ఎంతైనా సరే. అది నేను చూసుకుంటాను."

కృపావరం ఆమె మొహం చూసి పెన్సిల్ వదిలేశాడు. ఆమె దాన్ని తీసుకెళ్లి వంటింట్లో సొరుగులో పడేసి, కుళాయి తిప్పి, పళ్లాలు కడగడం మొదలుపెట్టింది. కాసేపటికి లూసీ వచ్చి పక్కన నిలబడి తుడిచే గుడ్డ అందుకుంది. ఏ పళ్లెం ఎక్కడ పెట్టాలో తెలియక తుడిచినవన్నీ గట్టు మీద పేర్చింది. కరుణమ్మ చూపించలేదు. తర్వాత తను సర్దుకుంటుంది.

"డార్మ్‌లో దుప్పట్లు వాళ్లిస్తారా?" అని అడిగింది.

"లేదు. మనమే తెచ్చుకోవాలి."

"రెండు చాలా?"

"రెండు చాలు మమ్మీ. అక్కడ చలి ఉండదు."

"సరే," అంది కరుణమ్మ. ఇంకో పళ్లెం కడిగి కూతురి చేతికిచ్చింది.